కొత్తది కొనేముందు వెనక జాలీ తీసి చూడు

చిట్టితల్లికి పిన్ని ఆశీస్సులు.

నిన్న ఫోన్‌లో నువ్వు చెప్పిన దగ్గర్నుంచి మనసంతా దాని మీదే ఉంది. హెయిర్ డ్రయ్యర్ ఐదు నిమిషాలకే ఆగిపోతోంది, జుట్టు స్ట్రెయిట్‌నర్ లైటు వెలిగి ఆరిపోతోంది, రెండూ పడేసి కొత్తవి తెచ్చుకుంటానన్నావు. కాస్త ఆగమ్మా. అంత డబ్బు పోసి కొన్నవి. ముప్పై ఏళ్లు పార్లర్ నడిపాను కాబట్టి చెబుతున్నాను, ఖరీదైన వస్తువు ఆగిపోయినా చాలాసార్లు పోయేది లోపలి చవక భాగమే.

ముందు డ్రయ్యర్ చూద్దాం. ఆగిపోయి, చల్లారాక మళ్లీ తిరుగుతోందన్నావు. అంటే మోటారూ, వేడి పుట్టించే కాయిలూ రెండూ బాగున్నట్టే. లోపల థర్మోస్టాట్ అని చిన్న రేకు ఉంటుంది, రెండు రకాల లోహాలు అతికించి చేస్తారు. వేడి హద్దు దాటితే ఆ రేకు వంగి కరెంటు ఆపేస్తుంది, చల్లారితే మళ్లీ కలుపుతుంది. దాని పని అది చేస్తోంది. వేడి ఎందుకు అంత పెరుగుతోందన్నదే మనం చూడాల్సింది. గాలి ఆడకపోతే పెరుగుతుంది.

ప్లగ్గు తీసేసి, డ్రయ్యర్ వెనక జాలీ మూత తిప్పి చూడు. దుమ్ము, తెగిన వెంట్రుకలు, టవల్ నూగు అన్నీ కలిసి బూడిద రంగు గుడ్డలా అతుక్కుని ఉంటాయి. గోటితో అంచు పట్టుకుని మెల్లగా లాగితే ఒకే ముక్కగా ఊడొస్తుంది. మిగిలింది పొడి టూత్‌బ్రష్‌తో దులుపు. విడిగా వచ్చే జాలీ అయితే కడగొచ్చు, కానీ పూర్తిగా ఆరాకే బిగించాలి. పార్లర్‌లో మేం వారానికోసారి చేసేవాళ్లం, ఇంట్లో నెలకోసారి చాలు. ఇంత చేశాక కూడా కాలిన వాసన వస్తే, ఫ్యాను ఇరుసుకు జుట్టు చుట్టుకుందేమో చూడాలి. దానికి బాడీ విప్పక తప్పదు.

స్ట్రెయిట్‌నర్ విషయంలో నా అనుమానమంతా వైరు మీదే. పిడిలోంచి వైరు బయటికి వచ్చే చోట మెడలా ఒక రబ్బరు ముక్క ఉంటుంది కదా, ప్లగ్గు తీసి ఉంచే అక్కడ వేళ్లతో నొక్కి చూడు. మిగతా వైరు గట్టిగా ఉండి, ఆ ఒక్క చోట మెత్తగా, డొల్లగా తగిలితే లోపల రాగి తీగలు తెగినట్టే. అవన్నీ ఒక్కసారే తెగవు, ఒక్కొక్కటిగా తెగుతూ వస్తాయి. మిగిలిన నాలుగైదు తీగల మీదే కరెంటంతా పడి ఆ చోటు వేడెక్కుతుంది. అందుకే వాడుతున్నప్పుడు వైరు ఎక్కడైనా వెచ్చగా తగిలితే ఆ క్షణమే ఆపెయ్యాలి. నువ్వు పనయ్యాక వైరును పిడి చుట్టూ గట్టిగా చుట్టి డ్రాయర్‌లో పెట్టడం నేను చాలాసార్లు చూశాను. ఇకనుంచి వదులుగా, పెద్ద చుట్టలా మడిచి పెట్టు.

దీనికి టేపు చుట్టి సరిపెట్టకు. టేపు లోపల తీగ తెగుతూనే ఉంటుంది, మనకు కనపడదంతే. పాత వైరు తీయించి, అంతే కెపాసిటీ ఉన్న, వేడికి తట్టుకునే కొత్త వైరు వేయించాలి. చెయ్యి తిరిగిన మెకానిక్‌కు ఇది పెద్ద పనేం కాదు. టంకం పెట్టడం నీకు వచ్చు కదా అని మొదటిసారే దీని మీద చెయ్యి వెయ్యకు. పక్కన కూర్చుని చూడు, తర్వాత చేద్దువుగానీ.

ఒక్క విషయం మాత్రం గట్టిగా చెబుతున్నాను. చాలా డ్రయ్యర్లలో థర్మోస్టాట్‌తో పాటు, వేడి మరీ మితిమీరితే కరెంటు తెంచేసే థర్మల్ ఫ్యూజు కూడా ఉంటుంది. అది ఒకసారి కాలిందంటే మళ్లీ పనిచేయదు, అదే రేటింగున్న కొత్తది వేయాల్సిందే. ఒకసారి నేను ఇచ్చిన డ్రయ్యర్‌ను ఒకతను గంటలో బాగుచేసి ఇచ్చాడు. ఎంత సంబరపడ్డానో. రెండో వారం నా చేతిలో ఉండగానే ముందు మూతి మెత్తబడి వంగిపోయింది. విప్పి చూస్తే ఫ్యూజు ఉండాల్సిన చోట మామూలు తీగ ముక్క కలిపి ఉంది. కుర్చీలో కూర్చున్న అమ్మాయి తల దగ్గర అది అంటుకుని ఉంటే ఏమయ్యేదో అని ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది. అందుకే ఎవరికిచ్చినా ‘ఫ్యూజు మార్చారా, డైరెక్ట్ చేశారా’ అని అడుగు. డైరెక్ట్ చేశామంటే తిరిగిచ్చెయ్.

స్ట్రెయిట్‌నర్ ప్లేట్లకు జుట్టు పట్టుకుంటోందని కూడా అన్నావు. అది స్ప్రే, సీరం కాలి గట్టిపడిన పొర. పూర్తిగా చల్లారాక, ప్లగ్గు తీసి ఉంచి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన మెత్తటి గుడ్డతో తుడువు. చాకుతో గీకకు, స్టీలు పీచు తగలనివ్వకు. కోటింగు లేచిపోయిందంటే మళ్లీ వేయలేం. ఆ ప్లేటు జుట్టును పీకుతూనే ఉంటుంది.

ఇంకోటి, నీ డ్రయ్యర్ 2000 వాట్లది. 230 వోల్టుల దగ్గర దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. సన్న వైరున్న ఎక్స్‌టెన్షన్ బోర్డుకు పెట్టకు. ప్లగ్గు పిన్నులు నల్లబడి ఉంటే సాకెట్ వదులైందేమో చూపించు, తప్పు డ్రయ్యర్‌ది కాకపోవచ్చు.

విప్పాల్సి వస్తే ముందు వారంటీ కార్డు తీసి చూడు. గడువుంటే స్క్రూ ముట్టుకోకుండా సర్వీస్ సెంటర్‌కు పంపు. గడువు లేకపోతే విప్పొచ్చు, కానీ స్టిక్కర్ల కింద కూడా స్క్రూలు దాగి ఉంటాయి, మూత రావట్లేదని బలవంతం చెయ్యకు. అడుగడుగునా ఫోటో తీసుకో. కాయిల్ చుట్టిన మైకా పలకను గట్టిగా పట్టుకుంటే పొరలు పొరలుగా రాలిపోతుంది, జాగ్రత్త.

నీళ్లలో పడినది, బాడీ కరిగినది, బ్యాటరీ ఉబ్బిన ట్రిమ్మర్, వీటిని మాత్రం నేను కూడా బాగుచేయించను. ఈ-వేస్ట్‌లో ఇచ్చేస్తాను. నీ రెండింటికీ ఆ గతి పట్టలేదు.

ముందు జాలీ శుభ్రం చేసి, పది నిమిషాలు నడిపి చూసి ఫోన్ చెయ్యి. ఈలోగా స్ట్రెయిట్‌నర్‌ను మాత్రం ప్లగ్గులో పెట్టకు.

నీ పిన్ని