లాయర్ ప్రొఫైల్లో రాసుకున్న అనుభవం, సేవ నమ్మొచ్చా? మా కేసులో నేను చూసింది

మీ అక్క విడాకుల కేసు కోసం లాయర్ని వెతుకుతున్నామని, అందరి ప్రొఫైల్లోనూ ఇరవై ఏళ్ల అనుభవం, సమాజ సేవ అనే ఉంటోందని, ఏది నమ్మాలని అడిగావు కదా తమ్ముడూ. నాది హైదరాబాద్ పురానీ హవేలీ ఫ్యామిలీ కోర్టులో నడిచిన విడాకుల కేసు, కాబట్టి నాకు జరిగింది చెప్తా.

ఫస్ట్ మేం పోయిన ఆయన ఆఫీసు చూస్తే కళ్లు తిరుగుతాయి, గోడ నిండా శాలువా కప్పించుకున్న ఫొటోలే. రెండో సిట్టింగ్‌లోనే వచ్చే భరణంలో ఇంత పర్సెంట్ నాది అన్నాడు, నాకేం తెలుసు, సరే అని తలూపి వచ్చేశా. అట్ల కేసులో వచ్చే డబ్బులో వాటా అడగడం లాయర్లకి రూల్స్ పెట్టే బార్ కౌన్సిల్ రూల్స్ ప్రకారం తప్పని తర్వాత తెలిసింది. అసలు ఆ రూల్స్ లాయర్లని పబ్లిసిటీయే చేసుకోవద్దంటాయి, మరి ఈ 'నంబర్ వన్ డివోర్స్ లాయర్' యాడ్స్ ఎక్కడ్నుంచి వస్తున్నాయో. పైగా ఆ లాయరే నీ జీతం సంగతి ఎత్తకు, లేదనే రాద్దాం అన్నాడు. అక్కడే నాకు భయమేసింది.

వాయిదాకి పోయినప్పుడు కోర్టులో ఒకావిడ చెప్పింది, అక్కడే లీగల్ సర్వీసెస్ అథారిటీలో ఉచితంగా లాయర్ని ఇస్తారు అడుగు అని. అది రేషన్ కార్డు ఉన్నోళ్లకే అనుకున్నా నేను, నాకు ఉద్యోగం ఉంది కదా. కాదంట, 1987 లీగల్ సర్వీసెస్ అథారిటీస్ చట్టం సెక్షన్ 12లో ఆడవాళ్లకి ఆదాయంతో సంబంధమే లేదు. మీ అక్కకీ ఇదే వర్తిస్తుంది, లీగల్ సర్వీసెస్ హెల్ప్‌లైన్ 15100కి ఫోన్ చేసినా చెప్తారు.

అట్ల దొరికారు మా మేడమ్. గోడ మీద ఒక్క ఫొటో లేదు. ప్యానెల్ లాయర్లు, అంటే ఆ అథారిటీ లిస్టులో ఉండి ఉచితంగా ఇచ్చేవాళ్లు, మన దగ్గర పైసా తీసుకోకూడదు, ఆవిడ జిరాక్స్ డబ్బులు కూడా అడగలేదు. ఫస్ట్ రోజే ఆస్తులు, అప్పుల అఫిడవిట్ ముందేసి నీ జీతం స్లిప్పులు తీసుకురా అన్నారు. భరణం కేసుల్లో ఇద్దరూ అది వేయాలని 2020లో సుప్రీంకోర్టు రజనేశ్ వర్సెస్ నేహా కేసులో చెప్పిందని, దాచి దొరికిపోతే మొత్తం పోతుందని చీవాట్లు పెట్టారు. మూడేళ్లుగా విడిగానే ఉన్నాం, చివరికి మ్యూచువల్‌కి, అంటే ఇద్దరి ఇష్టంతో విడాకులకి, ఒప్పుకున్నాక పిటిషన్ వేశాక ఆగాల్సిన ఆరు నెలల గడువు మాఫీ చేయమని పిటిషన్ వేశారు, 2017 సుప్రీంకోర్టు తీర్పు చూపించి. అది జడ్జి ఇష్టమే, గ్యారంటీ ఇవ్వను అని ముందే చెప్పారు. మాకు ఒప్పుకున్నారు.

ప్యానెల్లో అందరూ ఇట్లనే ఉంటారని మాత్రం అనట్లేదు, పక్క హాల్లో ఒకాయన క్లయింటు పేరు కూడా గుర్తులేక ఫైల్ వెతుక్కోవడం కళ్లారా చూశా. అందుకే ప్రైవేటు అయినా ప్యానెల్ అయినా ముందు ఎన్‌రోల్‌మెంట్ నంబర్ (బార్ కౌన్సిల్లో లాయర్‌గా నమోదైన నంబర్) అడుగు, అందులోనే ఏ ఏడాది చేరారో ఉంటుంది, ఇరవై ఏళ్లు అనేది అక్కడే తేలిపోతుంది. లీగల్ ఎయిడ్ (ఉచిత) కేసులు ఎన్ని చూశారు, మీడియేషన్‌కి (మధ్యవర్తి దగ్గర రాజీకి) పంపి ఎన్ని సెటిల్ చేశారు అని మొహమాటం లేకుండా అడిగేయ్. వాయిదాకి మీరే వస్తారా జూనియర్ని పంపిస్తారా అనేది కూడా, నా మొదటాయన నాలుగు వాయిదాల్లో ఒక్కసారే కనిపించాడు.

లాయర్ని మార్చాలంటే పాతాయన దగ్గర్నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే కాగితం) తీసుకోవాలి, ఆయన ఇవ్వకపోతే కోర్టు అనుమతి అడగాలి, మాకు దానికే నెల పట్టింది, ఫైలు ఇవ్వడానికి కూడా బాకీ లెక్కలు తీశాడు. అందుకే వకాలత్ (లాయర్‌కి మన కేసు అప్పజెప్పే కాగితం) మీద సంతకం పెట్టే ముందే ఇవన్నీ తేల్చుకోండి. పెళ్లి ఫొటో, శుభలేఖ, ఇద్దరి ఆధార్ జిరాక్సులు రెండు సెట్లు పెట్టుకుని పో, బండి మాత్రం తీసుకెళ్లకు, కోర్టు దగ్గర పార్కింగ్ దొరకదు.