వేక్‌బోర్డింగ్ బోటులో బరువు ఎంత ఉండాలి, ఎక్కడ ఉండాలి?

వేక్‌బోర్డింగ్ అంటే కాళ్లకు పలక కట్టుకుని, బోటు లాగే తాడు పట్టుకుని, బోటు వెనక లేచే అలల మీంచి దూకే ఆట. ఆ అలనే వేక్ అంటారు. మీరు అడిగింది ఇదీ: బోటు వెనక భాగంలో రెండు నీళ్ల సంచులు నింపారు. వేక్ ఎత్తు పెరిగింది. కానీ ఎడమవైపు అల నురగలు కక్కుతూ విరిగిపోతోంది, దూకిన రైడర్ అవతలి అల దాకా వెళ్లకుండా నిట్టనిలువుగా లేచి మధ్యలోనే పడుతున్నాడు. మూడో సంచి కూడా కొనాలా?

ఇప్పుడే కొనకండి. మీరు చెప్పిన రెండు ఇబ్బందులూ బరువు చాలకపోవడం వల్ల వచ్చేవి కావు, ఉన్న బరువు ఉండాల్సిన చోట లేకపోవడం వల్ల వచ్చేవి. చాలా ఏళ్లుగా తాడు పట్టుకుని వెనకా, స్టీరింగ్ పట్టుకుని ముందూ గడిపినవాణ్ని కాబట్టి ఈ మాట గట్టిగా చెప్పగలను.

ముందు అసలు బరువు ఏం చేస్తుందో చూద్దాం. నిలబడి ఉన్న బోటు తన బరువుకు సమానమైన నీటిని పక్కకు నెడుతుంది. మీరు 300 కిలోలు ఎక్కిస్తే ఇంకో 300 లీటర్ల నీరు తప్పుకోవాలి. వేగం అందుకున్నాక నీరు అడుగు భాగాన్ని పైకి తోస్తుంది, బోటు కొంత లేస్తుంది. ఎంత తేలిగ్గా ఉంటే అంత పైకి లేచి, నీటి మీద జారుతూ చిన్న గాడి మాత్రమే వదిలి వెళ్తుంది. బరువు ఆ లేవడాన్ని ఆపుతుంది. గాడి లోతుగా పడుతుంది, దాన్ని పూడ్చడానికి రెండు వైపుల నుంచీ నీరు దూసుకొచ్చి పైకి ఎగుస్తుంది. మనం దూకే వేక్ అదే. వాటర్‌స్కీ మీద అటూ ఇటూ మెలికలు తిరుగుతూ సాగే స్లాలమ్ వాళ్లకు కావలసింది దీనికి సరిగ్గా వ్యతిరేకం. గంటకు 55, 58 కిలోమీటర్ల వేగంతో అల దాటాలి కాబట్టి వాళ్ల బోట్లు తేలిగ్గా, వేక్ వీలైనంత చదునుగా ఉండేలా తయారవుతాయి.

ఇక మీ రైడర్ సంగతి. బరువంతా వెనకే ఉంటే బోటు వెనక భాగం కూరుకుపోయి, ముక్కు లేస్తుంది. వేక్ ఎత్తుగానే వస్తుంది, కానీ పొట్టిగా, నిటారుగా ఉంటుంది. అలాంటి అల రైడర్‌ని ముందుకు పంపదు, పైకి విసురుతుంది. అలవాటైనవాళ్లకు అది సరదాగానే ఉంటుంది. నేర్చుకుంటున్నవాళ్లకు మాత్రం టేకాఫ్ సమయం దొరకదు, మోకాళ్లు చాపే లోపే అల అంచు దాటిపోతుంది. కొంత బరువు ముందుకు జరిపితే బోటు సమంగా కూర్చుంటుంది, నీటిలో మునిగిన పొడవు పెరుగుతుంది, వేక్ ర్యాంపులా సాగుతుంది. ఎత్తు కాస్త తగ్గినట్టు కనిపించవచ్చు, అయినా దూకే దూరం పెరుగుతుంది. బరువులో వందకు 60 వంతులు వెనక, 40 వంతులు ముందు అనుకుని మొదలుపెట్టండి. అక్కడి నుంచి మీ బోటు ఏం చెప్తే అది.

దీనికి కొత్త సామాను ఏమీ అక్కర్లేదు. బోటులో కూర్చున్న మనుషులే సంచులు. ఒక మనిషి అంటే దాదాపు 70 లీటర్ల నీరు, అదీ చెప్పగానే లేచి జరిగే నీరు. వెనక సీట్లో ఉన్న ఇద్దరిని ముందుకు పంపి చూడండి. మా గుంపులో కొత్త బోటు ఎవరు తెచ్చినా మొదట చేసేది ఇదే. మనుషుల్ని అటూ ఇటూ మార్చి, నచ్చిన వేక్ దొరికాక ఆ చోట్లలోనే సంచులు పెడతాం. ఒకసారి ఒక్క మార్పే చేయండి. రెండు కలిపి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు. వేక్ ఎలా ఉందో డ్రైవర్‌ని అడగకండి, తాడు చివర ఉన్నవాణ్ని అడగండి.

ఎడమవైపు నురగకు కారణం దాదాపు ఖాయంగా బోటు కుడికి ఒరగడమే. చాలా వేక్‌బోర్డింగ్ బోట్లలో డ్రైవర్ సీటు కుడివైపు ఉంటుంది, ఇద్దరో ముగ్గురో కబుర్లకు ఆ పక్కనే చేరతారు. ఒరిగిన వైపు అల శుభ్రంగా, పెద్దగా వస్తుంది, లేచిన వైపు చెదిరిపోతుంది. తాడు వదిలేసి బోటు అల మీదే జారే వేక్‌సర్ఫింగ్‌లో కావాలనే ఒక మూల బరువు పెంచేది ఈ కారణంతోనే, వాళ్లకు ఒక్క వైపు అల చాలు. మనకు రెండూ కావాలి. కాబట్టి నురగ ఏ వైపు ఉందో ఆ వైపుకే బరువు జరపండి. బోటు ఆపి, అందరూ తమ తమ చోట్ల కూర్చున్నాక, వెనక నీటిలోకి దిగడానికి ఉండే చదునైన మెట్టు, అదే స్విమ్ ప్లాట్‌ఫామ్, దాని అంచు నీటికి సమాంతరంగా ఉందో లేదో చూస్తే ఒరుగు ఇట్టే తెలిసిపోతుంది.

నురగ రెండు వైపులా ఉంటే కథ వేరు. మీ బరువుకు మీ వేగం చాలడం లేదన్నమాట. బరువు పెంచిన ప్రతిసారీ వేగం కూడా ఒకటి రెండు కిలోమీటర్లు పెంచాల్సి వస్తుంది. నేను గంటకు 35 కిలోమీటర్లకు అటూ ఇటూగా, 65 నుంచి 75 అడుగుల తాడుతో రైడ్ చేస్తాను. వేగం పెరిగితే అల అంచు గట్టిపడుతుంది, వాలు సాగుతుంది. తాడు పొడవు కూడా అప్పుడే సరిచూసుకోండి, ఎందుకంటే రెండు అలలూ వెనక్కి వెళ్లేకొద్దీ దూరమవుతాయి. ఒక వైపు నుంచి ఇంకో వైపుకు దూకలేకపోతున్న రైడర్‌కు బరువు మార్చడం కంటే తాడు ఐదడుగులు తగ్గించడం మేలు చేసిన సందర్భాలు చాలా చూశాను. అప్పుడే నిలబడడం నేర్చుకుంటున్నవాళ్లకైతే సంచులన్నీ ఖాళీ చేసేయండి. వాళ్లకు చిన్న వేకే మంచిది.

సంచి నింపితే నిండుగా నింపండి, లేకపోతే ఖాళీగా ఉంచండి. సగం నీళ్లున్న సంచి ప్రమాదం. మలుపు తిరగ్గానే నీరంతా ఒరిగిన వైపుకే పరుగెడుతుంది, ఒరుగు ఇంకా పెరుగుతుంది. లోపల గాలి మిగలకుండా తీసేయాలి. చోటు తక్కువైతే సీసం సంచులు వాడేవాళ్లున్నారు, సీసం నీటికంటే పదకొండు రెట్లు పైగా బరువు కదా. ఒక్కటే తేడా, అవసరమైనప్పుడు వాటిని పంపుతో బయటికి తోడేయలేం. మాలిబు కంపెనీ బోట్ల వెనక ఉండే వెడ్జ్ లాంటి రెక్క ఇంకో దారి. అది పరుగులో వెనక భాగాన్ని కిందికి లాగి, బరువు పెట్టినట్టే పనిచేస్తుంది, బోటు ఆగితే ఆ బరువు ఉండదు.

ఒక విషయంలో మాత్రం రాజీ పడకండి. బోటు మీద రాసి ఉన్న గరిష్ఠ బరువులో మనుషులు, సామాను, మీరు అదనంగా పెట్టిన సంచులు అన్నీ కలిసే లెక్క. ముక్కులో బరువు పెరిగాక బోటు నీటికి దగ్గరగా ఉంటుంది. పడిపోయిన రైడర్ కోసం వెనక్కి తిరిగేటప్పుడు మీ సొంత అలలే ఎదురొస్తాయి, వాటిలోకి గబుక్కున వేగం తగ్గిస్తే నీరు ముందు నుంచి లోపలికి వచ్చేస్తుంది. ముందు కూర్చున్నవాళ్లను వెనక్కి రమ్మని, మెల్లగా తిరగండి. ఇంజిన్ నడుస్తున్నప్పుడు స్విమ్ ప్లాట్‌ఫామ్ మీద ఎవరినీ కూర్చోనివ్వకండి. ఇంజిన్ వదిలే విషవాయువు కార్బన్ మోనాక్సైడ్ పేరుకునేది అక్కడే, దానికి వాసన ఉండదు.

బరువెక్కిన బోటు అలలు ఒడ్డును కూడా కొడతాయి. అల ఎత్తు రెట్టింపైతే దానిలోని శక్తి నాలుగింతలవుతుంది. అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయం వాళ్లు 2022లో విడుదల చేసిన అధ్యయనంలో, వేక్‌సర్ఫింగ్ చేసే బోట్లు తీరానికి 500 అడుగులకు పైగా దూరంలో ఉండాలని సూచించారు. వేక్‌బోర్డింగ్‌లో అల అంత పెద్దది కాకపోయినా, సంచులు నింపినప్పుడు నేను చెరువు నడిమధ్యలో, లోతున్న చోటే నడుపుతాను. లోతు తక్కువైతే వేక్ ఆకారం కూడా చెడిపోతుంది.

బోటు ఒడ్డుకు చేర్చాక సంచులన్నీ పూర్తిగా తోడేసి ఆరబెట్టండి. జీబ్రా మస్సెల్ లాంటి చిన్న ఆల్చిప్పల పిల్లలు ఆ మిగిలిన నీటిలోనే ఒక చెరువు నుంచి ఇంకో చెరువుకు చేరతాయి.