మెడ కండ నొప్పికి డ్రై నీడ్లింగ్: షుగర్ ఉండి, ఆస్పిరిన్ వాడుతున్నా చేయించుకోవచ్చా?

ప్రశ్న: నా వయసు 43. రోజంతా కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగం. ఐదు నెలలుగా కుడివైపు మెడ, భుజం పైభాగం సలుపుతోంది. భుజం మీద ఒకచోట గట్టి ముడిలా చేతికి తగులుతుంది. అక్కడ నొక్కితే నొప్పి మెడ పక్కగా పాకి చెవి వెనక నుంచి కణత దాకా వెళ్తుంది. మెడ ఎక్స్‌రేలో పెద్దగా ఏమీ లేదన్నారు. మాత్రలు వాడినన్ని రోజులు తగ్గుతుంది, ఆపగానే మళ్లీ మొదలవుతుంది. ఫిజియోథెరపిస్టు డ్రై నీడ్లింగ్ (మందు లేకుండా ఒట్టి సూదిని కండ ముడిలోకి గుచ్చడం) చేద్దామంటున్నారు. నాకు ఆరేళ్లుగా షుగర్ ఉంది, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్) 7.4. రోజూ 75 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ కూడా వేసుకుంటాను. సూది ఊపిరితిత్తికి తగిలే ప్రమాదం ఉందని విన్నాను. చేయించుకోవచ్చా?
- ఓ పాఠకురాలు

జవాబు: చేయించుకోవచ్చు. మీ షుగర్ గానీ, ఆ మోతాదు ఆస్పిరిన్ గానీ దీనికి అడ్డు కావు. అయితే సూది కంటే ముందు తేల్చుకోవాల్సిన సంగతి ఒకటుంది. ఆస్పిరిన్ ఎందుకు వేసుకుంటున్నారో మీరు రాయలేదు. గుండె కోసం ఇచ్చిందైతే, ఈ నొప్పి నడిచినప్పుడూ మెట్లెక్కినప్పుడూ పెరిగి, ఆగితే నెమ్మదిస్తోందేమో గమనించండి. అలా ఉన్నా, నొప్పితో పాటు చెమటలు, ఆయాసం, దవడ లాగడం వంటివి ఉన్నా ముందు ఈసీజీ తీయించుకుని గుండె డాక్టరుకు చూపించుకోవాలి. షుగర్ ఉన్నవారిలో గుండె నొప్పి ఛాతీలో కాకుండా భుజంలోనో మెడలోనో కనిపించవచ్చు. కుడివైపు కదా అని ధీమాగా ఉండకూడదు.

అవేవీ లేకపోతే మీరు రాసిన లక్షణాలు కండ నొప్పికి సరిగ్గా సరిపోతాయి. మెడ వెనక నుంచి భుజం మీదుగా పరుచుకున్న కండను ట్రెపీజియస్ అంటాం. దాని పైభాగంలో కొన్ని పోగులు బిగుసుకుపోయి తాడులా తయారవుతాయి. ఆ తాడు మీద నొక్కితే ప్రాణం లేచొచ్చే చోటే ట్రిగ్గర్ పాయింట్. ఈ కండలోని ట్రిగ్గర్ పాయింట్ నొప్పి మెడ పక్కగా ఎక్కి, చెవి వెనక నుంచి కణత వైపు పాకడం దాని స్వభావం. అందుకే చాలామంది దీన్ని మైగ్రేన్ అనుకుని తలనొప్పి మాత్రలు మింగుతూ ఉంటారు. ఇలా ఏ కండలో ముడి పడితే నొప్పి ఎటు పాకుతుందో వివరంగా నమోదు చేసినవారిలో ముఖ్యురాలు అమెరికా వైద్యురాలు జానెట్ ట్రావెల్. అధ్యక్షుడు కెనెడీకి వైట్‌హౌస్‌లో వైద్యం చేసింది ఆమే. ఆమె ఎక్కువగా ఆ ముడుల్లోకి మందు ఎక్కించేవారు. మందు లేకుండా ఒట్టి సూది గుచ్చినా నొప్పి తగ్గుతోందని చెక్ వైద్యుడు కారెల్ లెవిట్ 1979లో తన రోగుల ఫలితాలు ప్రచురించారు. ఇప్పుడు చేస్తున్నది అదే.

ఇందులో వాడేది ఇంజెక్షన్ సూది కాదు. ఇంజెక్షన్ సూది లోపల బోలుగా ఉంటుంది, కొన ఏటవాలుగా కోసి ఉంటుంది, మందం సాధారణంగా 0.5 నుంచి 0.8 మిల్లీమీటర్లు. ఇది లోపల బోలు లేని సన్నని స్టీలు సూది, మందం 0.25 లేదా 0.30 మిల్లీమీటర్లు. మీ భుజానికి 30 నుంచి 40 మిల్లీమీటర్ల పొడవు చాలు. పిరుదు కండలకు 60, అంతకంటే పొడవైనవీ వాడతారు. ఒక్కో సూదీ విడివిడిగా సీలు చేసిన ప్యాకెట్లో, ప్లాస్టిక్ గొట్టంతో వస్తుంది. ఆ ప్యాకెట్ మీ కళ్ల ముందే చింపాలి. ఒకసారి వాడిన సూదిని మళ్లీ ఎవరికీ వాడకూడదు, మీకే రెండో వారం వాడతామన్నా ఒప్పుకోకండి.

ఇక మీ అసలు భయం, ఊపిరితిత్తి. విన్నది నిజమే. ఊపిరితిత్తి పైకొన కాలర్ ఎముక కంటే కాస్త పైదాకా వస్తుంది. ట్రెపీజియస్ పైభాగం దాని మీదుగా పోతుంది. భుజం మీద సూదిని నిటారుగా కిందికి దించితే, సన్నగా ఉన్నవారిలో అది కండ దాటి ఊపిరితిత్తి పొరను తాకడానికి పెద్ద లోతు అక్కర్లేదు. అమెరికా స్కీయింగ్ క్రీడాకారుడు టోరిన్ యేటర్-వాలెస్‌కు 2013లో ఇలాంటి సూది చికిత్స వల్లే ఊపిరితిత్తి ముడుచుకుపోయింది. కోలుకుని మరుసటి ఏడాది సోచీ ఒలింపిక్స్‌లో పాల్గొన్నారనుకోండి. ఇలాంటివి చాలా అరుదు. ఐర్లాండ్‌లో 39 మంది ఫిజియోథెరపిస్టులు చేసిన 7,629 చికిత్సల లెక్క 2014లో వచ్చింది. అందులో పెద్ద ప్రమాదం ఒక్కటీ లేదు. చిన్నాచితకా ఇబ్బందులు మాత్రం 19 శాతం దాకా ఉన్నాయి: కమిలిన మచ్చ 7.5 శాతం, రక్తపు చుక్క రావడం 4.6 శాతం, మిగతావి నొప్పి వంటివి. అయితే ఏడున్నర వేల చికిత్సల్లో కనిపించనంత మాత్రాన అరుదైన ప్రమాదం లేనట్టు కాదు. అది ఎంత దూరంలో ఉంటుందన్నది చేసే చేతిని బట్టే ఉంటుంది.

ఆ చేతిని మీరే గమనించవచ్చు. మిమ్మల్ని బోర్లా గానీ, పక్కకు తిప్పి గానీ పడుకోబెట్టాలి. కుర్చీలో కూర్చోబెట్టి చేస్తామంటే వద్దనండి, సూదికి భయపడే వాళ్లకు కళ్లు తిరిగేది అక్కడే. తర్వాత బొటనవేలు ముందువైపు, మిగతా వేళ్లు వెనకవైపు పెట్టి, పిల్లి తన కూనను మెడ దగ్గర పట్టి ఎత్తినట్టు ఆ కండను ఛాతీ మీద నుంచి పైకి లేపి పట్టుకోవాలి. ముడి ఆ వేళ్ల మధ్యకు రావాలి. సూది ఒక వేలి వైపు నుంచి ఎదుటి వేలి వైపుకే వెళ్లాలి, కిందికి ఛాతీ వైపు ఎప్పుడూ చూడకూడదు. సూది లోపల ఉన్నంతసేపూ ఆ పట్టు వదలకూడదు. మధ్యలో పట్టు జారితే సూది ముందు బయటికి తీసి, మళ్లీ మొదటి నుంచి పట్టుకోవాలి. పట్టు లేకుండా పైనుంచి నేరుగా గుచ్చబోతే మొహమాటపడకుండా ఆపేయమనండి. పక్కటెముకల మధ్య కండలకు, వీపు మీద రెండు రెక్కల ఎముకల మధ్య భాగానికి కూడా చేద్దామంటే మొదటిసారికి వద్దనండి. మీ నొప్పికి అక్కడ అవసరం లేదు.

చర్మాన్ని స్పిరిట్‌తో తుడిచి ఆరనిచ్చాక గొట్టాన్ని ఆనించి సూది తల మీద తడతారు. చర్మం దాటడం చాలామందికి సరిగ్గా తెలియను కూడా తెలియదు. తెలిసేది ముడిలోకి దిగినప్పుడు. బరువుగా, లోపలెక్కడో పిండేసినట్టు ఉంటుంది. ఒక్కోసారి కండ తనంతట తాను టక్కున ఎగిరిపడుతుంది, అదే క్షణంలో మీకు అలవాటైన ఆ కణత నొప్పి కూడా లేస్తుంది. సూదిని పూర్తిగా బయటికి తీయకుండా కొద్దిగా పైకీ కిందికీ ఐదు నుంచి పదిసార్లు కదుపుతారు. ఒక్కో ముడికి అరనిమిషం మించదు. మరికొందరు కదపకుండా 10 నిమిషాల పాటు సూదిని అలాగే ఉంచేస్తారు. మొదటిసారి చేయించుకునేవారికి, అందులోనూ సూదికి భయపడేవారికి ఈ రెండో పద్ధతే నయం. కండ ఎగిరిపడితేనే పని జరిగినట్టని కొందరు నమ్మి, అది వచ్చేదాకా గుచ్చుతూనే ఉంటారు. అది రాకపోయినా ఫలితం ఉండవచ్చు. పదే పదే గుచ్చినందుకు మిగిలేది మర్నాటి నొప్పి. మొదటి రోజు రెండు మూడు ముడులు చాలు. ఒకేసారి పది చోట్ల చేయించుకున్నవారు రెండు రోజులు మెడ తిప్పలేక, ఇంకెప్పుడూ వద్దనుకుని వెళ్లిపోతారు.

ఆస్పిరిన్ మీ అంతట మీరు ఆపకండి. గుండెకో మెదడు రక్తనాళాలకో ఇచ్చిన ఆస్పిరిన్‌ను ఒక మచ్చ తప్పించుకోవడానికి ఆపడం చాలా పెద్ద పొరపాటు. సూది తీసిన చోట దూదితో ఒక నిమిషం గట్టిగా అదిమి పట్టమని చెప్పండి, చాలు. అయినా మచ్చ రావచ్చు, వారం పది రోజుల్లో పోతుంది. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వంటివి వాడేవారి సంగతి వేరు: ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టే తీరును చెప్పే పరీక్ష) అదుపులో ఉందని తెలిశాకే, అదీ వేలితో నొక్కి పట్టగలిగే పై కండలకే చేయించుకోవాలి.

షుగర్ విషయంలో 7.4 కంగారు పడాల్సిన అంకె కాదు. ఖాళీ కడుపుతో మాత్రం వెళ్లకండి, గంట రెండు గంటల ముందు తినండి. సూదికి కళ్లు తిరిగినా, షుగర్ పడిపోయినా చెమటలు, వణుకు ఒకేలా ఉంటాయి. మీకు షుగర్ ఉందని ముందే చెబితే వాళ్లు అయోమయంలో పడరు. గుచ్చే చోట పుండు, సెగ్గడ్డ, దద్దురు ఉంటే ఆ రోజు మానుకోవాలి. ఇంకోటి, షుగర్ ఉన్నవారిలో భుజం బిగుసుకుపోయే ఫ్రోజెన్ షోల్డర్ ఎక్కువ. మోచేతిని నడుముకు ఆనించి, ముంజేతిని బయటికి తిప్పి చూడండి. ఎడమ చెయ్యి తిరిగినంత కుడిది తిరగకపోతే సమస్య కీలులో ఉంది, కండకు సూదులు గుచ్చినందువల్ల అది వదలదు.

ఆ సాయంత్రం నుంచే, అలవాటు లేని వ్యాయామం చేసినప్పటిలా కండ పీకుతుంది. ఒకటి రెండు రోజులు, మహా అయితే మూడు రోజులు. కాపడం 10 నిమిషాలు పెట్టుకోండి. షుగర్ వల్ల చర్మంలో తిమ్మిరి ఉంటే వేడి తెలియక కాలే ప్రమాదం ఉంది, ఆ వేడిని ముందు ఇంట్లో ఇంకొకరి చేతితో చూపించుకోండి. అవసరమైతే పారాసిటమాల్ వేసుకోవచ్చు. ఆస్పిరిన్ మీద ఇబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటివి మాత్రం సొంతంగా వేసుకోకండి, కడుపులో రక్తస్రావం, కిడ్నీలకు దెబ్బ రెండూ ఉన్నాయి. బరువులు ఎత్తడం ఒక రోజు ఆపండి, మెడను మాత్రం కదుపుతూనే ఉండండి.

ఆ రోజు గానీ మర్నాడు గానీ గాలి పీల్చినప్పుడల్లా ఛాతీలో పోటు, ఆయాసం, ఆగని పొడిదగ్గు వస్తే మళ్లీ ఫిజియోథెరపిస్టుకు ఫోన్ చేసి అడగడం కాదు, నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లాలి. భుజంలో సూది గుచ్చించుకున్నానని మొదటి మాటగా చెప్పండి. అది చెబితేనే ఛాతీ ఎక్స్‌రే ఆలోచన వెంటనే వస్తుంది. గుచ్చిన కొన్ని గంటలకు గానీ లక్షణాలు బయటపడకపోవడం మామూలే. అలాంటి అనుమానం ఉండగా విమానం ఎక్కకూడదు. గుచ్చిన చోట ఎర్రబడి, వేడెక్కి, జ్వరం వస్తే అది ఇన్ఫెక్షన్ లక్షణం, దానికీ ఆగకండి.

ఫలితం ఎంత అంటే, మొదటి కొన్ని వారాలు నొప్పి తగ్గడంలో ఇది ఏమీ చేయకపోవడం కంటే, గుచ్చినట్టు నటించే ఉత్తుత్తి సూది కంటే మేలని పరిశోధనలు చూపాయి. నెలలు గడిచేకొద్దీ ఆ తేడా కరిగిపోతుంది. అందువల్ల నొప్పి తగ్గిన ఆ కొద్ది వారాలే మీకు అసలు పనిచేసే సమయం. కండ బలపడకుండా గంటల తరబడి భుజాలు పైకి బిగబట్టి మౌస్ పట్టుకుంటే ముడి మళ్లీ అక్కడే పడుతుంది. రబ్బరు బ్యాండు మధ్యభాగాన్ని పాదం కింద తొక్కిపెట్టి, రెండు చివరలూ చేతులతో పట్టుకుని, మోచేతులు కొద్దిగా వంచి, చేతులను పక్కలకు, కాస్త ముందుకు, భుజాల ఎత్తుదాకా లేపి దించండి. డెన్మార్క్‌లో ఆఫీసు ఉద్యోగులపై చేసిన ఒక అధ్యయనం 2011లో వచ్చింది. ఇదే వ్యాయామాన్ని రోజుకు 2 నిమిషాల చొప్పున 10 వారాలు చేసినవారికి మెడ, భుజాల నొప్పి తగ్గింది. రెండు నిమిషాలే కాబట్టి తీరిక లేదనే మాట కుదరదు. సూది పడిన రెండో మూడో రోజు, పీకుడు తగ్గాక మొదలుపెట్టండి. చేసేటప్పుడు భుజాలు చెవుల వైపు లేస్తుంటే బ్యాండు మీకు గట్టిదని, పల్చనిది తీసుకోండి.

వారానికి ఒకసారి చొప్పున మూడుసార్లు చేయించుకుని చూడండి. ప్రతిసారీ ముందు, తర్వాత మెడ ఎంత తిరుగుతోందో, నొప్పి పదికి ఎంతో రాసుకోండి. మూడోసారికీ ఆ అంకెల్లో కదలిక లేకపోతే నాలుగోది వద్దు, కారణం ఇంకెక్కడో వెతకాలి. చేతిలోకి షాక్ కొట్టినట్టు నొప్పి, వేళ్ల తిమ్మిరి, పట్టుకున్న గ్లాసు జారడం, నడకలో తూలడం వంటివి ఉంటే ఆ మూడింటి దాకా కూడా ఆగకుండా న్యూరాలజిస్టుకో, వెన్నెముక డాక్టరుకో చూపించుకోండి. అలాంటప్పుడు ఎక్స్‌రే సరిపోదు, మెడ ఎంఆర్ఐ కావాల్సి రావచ్చు.