కూల్ డ్రింకుల మీద పన్ను పెంచితే ఊబకాయం తగ్గుతుందా? కిరాణా కొట్టు వైపు నుంచి ఒక జవాబు

అడిగిన ప్రశ్న ఇది: "జంక్ ఫుడ్, చక్కెర పానీయాల మీద పన్ను పెంచితే జనం వాటిని తగ్గిస్తారా? మన దేశంలో ఇది పనిచేస్తుందా?"

పనిచేస్తుంది. కాకపోతే మన దగ్గర ఇప్పుడున్న పన్ను అందుకోసం వేసింది కాదు.

మాది ఖమ్మంలో, ఒక హైస్కూలు ఉన్న వీధి చివర కిరాణా కొట్టు. నాన్న పెట్టింది, ఇప్పుడు నేను చూసుకుంటున్నాను. నేను డాక్టర్నీ కాదు, ఎకనామిక్స్ చదివినవాణ్ణీ కాదు. కానీ పిల్లాడి చేతిలో పది రూపాయలుంటే వాడు దేనికి ఖర్చుపెడతాడో రోజూ చూస్తుంటాను కాబట్టి, ఆ అనుభవంతో రాస్తున్నాను.

చాలామంది "ప్రభుత్వం కూల్ డ్రింకుల మీద గట్టిగా పన్ను వెయ్యాలి" అని రాస్తున్నారు. ఎప్పుడో వేసింది. 2017 జులైలో జీఎస్టీ వచ్చినప్పుడే గ్యాస్ డ్రింకులకి 28 శాతం, దానికి తోడు 12 శాతం సెస్సు పెట్టారు. మొత్తం 40. 2025 సెప్టెంబరు 22న రేట్లన్నీ మార్చినప్పుడు సెస్సు తీసేసి నేరుగా 40 శాతం స్లాబులో పడేశారు. అంటే లెక్క రాసే పద్ధతి మారింది, భారం మారలేదు. మరి ఎనిమిదేళ్లకి పైగా అంత పన్ను మోస్తున్న సరుకు అమ్మకం తగ్గాలి కదా? నా కొట్లో తగ్గలేదు సరికదా, ఈ రెండు మూడేళ్లలో బాగా పెరిగింది.

దానికి కారణం పది రూపాయల సీసా. 2023లో రిలయన్స్ వాళ్లు పాత క్యాంపా కోలాని మళ్లీ బజారులోకి తెచ్చి 200 మి.లీ. పది రూపాయలకే పెట్టారు. పోటీకి మిగతా పెద్ద కంపెనీలూ పది రూపాయల సైజుకి దిగాయి. అంతకుముందు నా ఫ్రిజ్‌లో అన్నిటికన్నా చవకైన ప్లాస్టిక్ సీసా ఇరవై. బడి పిల్లలు రేటు అడిగి, ఒకరి మొహం ఒకరు చూసుకొని, చిప్సు ప్యాకెట్‌తో సరిపెట్టుకొని వెళ్లేవాళ్లు. ఎండాకాలంలో ఇద్దరు ముగ్గురు కలిసి చందాలేసుకొని ఒకటి కొని, ఎవరెన్ని గుక్కలు తాగారని కొట్టుకునేవాళ్లు. ఇప్పుడా గొడవ లేదు. సాయంత్రం బడి వదలగానే ఎవడి సీసా వాడిదే. "అంకుల్, ఇది కాదు, లోపల బాగా కూలింగ్ ఎక్కింది ఇవ్వు" అని వెనక వరసలోది తీయించుకొని, బుగ్గకి ఆనించి చూసుకొని మరీ పది నోటు ఇస్తాడు. రోడ్డు దాటేలోపు సీసా ఖాళీ.

అందుకే "రేటుతో ఏమీ కాదండీ, తాగేవాడు ఎలాగైనా తాగుతాడు" అంటే నేను ఒప్పుకోను. మందు రేట్లు పెంచితే మానేశారా అని వెంటనే అడుగుతారు. మందుకి అలవాటుపడ్డవాడు అప్పు చేసైనా తాగుతాడు. ఆరో తరగతి పిల్లాడికి అప్పు ఎవరిస్తారు? నేనైతే ఇవ్వను. వాడి దగ్గరున్నది పదే. రేటు సగమైతే అమ్మకం ఎలా లేచిందో చూశాను కాబట్టి, పెరిగితే పడిపోతుందనీ నమ్ముతాను.

మెక్సికోలో జరిగింది కూడా ఇదే. 2014 జనవరి నుంచి చక్కెర పానీయాల మీద లీటరుకి ఒక పెసో పన్ను వేశారు, ధర దాదాపు పది శాతం పెరిగింది. మొదటి ఏడాది కొనుగోళ్లు సగటున 6 శాతం తగ్గాయని లెక్కలు తీశారు, పేద ఇళ్లలో తగ్గుదల అంతకన్నా ఎక్కువ. 6 శాతమేనా అనిపించవచ్చు. ఒక దేశం మొత్తం తాగే కోలాలో 6 శాతం అంటే చిన్న విషయం కాదు.

ఇక మన పన్నులో లోపం ఎక్కడుందో చెప్తాను. పది రూపాయల సీసా తీసుకోండి. అందులో పన్ను 2 రూపాయల 86 పైసలు. మన 40 శాతం ధర మీద పడుతుంది, చక్కెర మీద కాదు. ఎంత చవగ్గా అమ్మితే అంత తక్కువ పన్ను. 200 మి.లీ. కోలాలో ఇరవై గ్రాములు దాటి చక్కెర ఉంటుంది, అంటే నాలుగైదు చెంచాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకి సైతం రోజు మొత్తం మీద 25 గ్రాముల లోపు ఉంటే మేలంటోంది. ఆ చక్కెర ఇరవై రూపాయల సీసాలో ఉన్నా పది రూపాయల సీసాలో ఉన్నా పిల్లాడి ఒంటికి ఒకటే, పన్ను మాత్రం సగం. ఇంకో విచిత్రం, చక్కెర లేని డైట్ కోలాకి కూడా అదే 40 శాతం. మరి చక్కెర తగ్గించినందుకు కంపెనీకి ఏం మిగిలినట్టు?

మామిడి డ్రింకుల సంగతి ఇంకా విడ్డూరం. గ్యాసు లేని పండ్ల రసం డ్రింకులకి అంతకుముందు 12 శాతం ఉండేది, 2025 సెప్టెంబరులో దాన్ని 5కి దించారు. వెనక లేబుల్ చదివితే చక్కెర విషయంలో కోలాకి ఏమాత్రం తీసిపోవు. మా వీధిలో ఒక పెద్దావిడ రోజూ మనవణ్ణి బడి నుంచి తీసుకెళ్తూ ఆగుతుంది. వాడు నల్లటి కోలా చూపించి ఏడుస్తాడు. ఆవిడ "అది గ్యాసు నాయనా, కడుపు పాడైతది" అని వాడికి సర్దిచెప్పి, నావైపు తిరిగి "మామిడిపండు రసం ఇయ్యి బాబూ, అది మంచిదే గదా" అంటుంది. లేబుల్ చూపించి చక్కెర ఎంతుందో ఒకసారి చదివి వినిపించాను. "ఏమో నాయనా, బొమ్మ మీద పండే ఉంది గదా" అంది. ఆవిణ్ణి ఏమనగలం? జీఎస్టీ రేట్లు ఖరారు చేసినవాళ్లు కూడా ఆ బొమ్మనే నమ్మినట్టున్నారు.

బ్రిటన్ వాళ్లు దీన్ని ఇంకోలా చేశారు. 2016 మార్చిలో ప్రకటించి, 2018 ఏప్రిల్ నుంచి అమల్లోకి తెచ్చారు. వంద మి.లీ.లో 5 గ్రాముల లోపు చక్కెర ఉంటే పన్ను లేదు. 5 నుంచి 8 లోపుంటే మొదట్లో లీటరుకి 18 పెన్నీలు, 8 ఆ పైన ఉంటే 24 పెట్టారు, 2025 ఏప్రిల్ నుంచి ఈ రేట్లు కాస్త పెంచారు. మధ్యలో రెండేళ్లు టైమిచ్చారు చూశారా, అదే అసలు కిటుకు. పన్ను మొదలయ్యేలోపే చాలా కంపెనీలు కూర్చొని ఫార్ములా మార్చుకున్నాయి. పన్ను పరిధిలోకి వచ్చే డ్రింకుల్లో చక్కెర కొన్నేళ్లలో సగానికి దగ్గరగా పడిపోయింది. తాగేవాడు ఏమీ మానుకోలేదు, తెలియకుండానే చక్కెర తగ్గింది. మా మేనల్లుడు లెస్టర్‌లో చదువుతున్నాడు. అక్కడి ఫాంటా లేబుల్ ఫొటో తీసి పంపమన్నాను. వంద మి.లీ.కి 5 గ్రాముల లోపే. నా ఫ్రిజ్‌లో ఉన్న ఫాంటాలో దానికి రెండింతల పైనే ఉంది. అదే పేరు, అదే నారింజ రంగు. అక్కడ తగ్గించడం వచ్చినవాళ్లకి ఇక్కడ రాదా? వస్తుంది, అవసరం పడలేదంతే.

అదే 24 పెన్నీల లెక్కని మన 200 మి.లీ. సీసాకి వేస్తే ఇప్పటి రేటున 5 రూపాయల పైమాటే. పది రూపాయల సీసా మీద 5 రూపాయలంటే ఆ సీసా ఇక పదికి రాదు. మన దేశంలో అంత వెయ్యమని నేననను, వాళ్ల ఆదాయాలు వేరు. రెండు రూపాయలేసినా పది అనే అంకె దాటుతుంది, నాకు తెలిసినంతలో అసలు దెబ్బ తగిలేది అక్కడే.

ఈ అంకెల గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే కొట్టు నడపనివాళ్లకి ఇది తట్టదు. మన దగ్గర పిల్లల తిండికి ధరలు 5, 10, 20 మాత్రమే. 2025 సెప్టెంబరులో బిస్కెట్లు, చాక్లెట్లు, చిప్సు, నూడుల్స్, ఐస్‌క్రీములు 12, 18 శాతాల నుంచి 5కి దిగాయి. కొన్నాళ్లు ఐదు రూపాయల బిస్కెట్ ప్యాకెట్ నాలుగున్నరకి కూడా రాని ఎమ్మార్పీతో వచ్చింది. అర్ధ రూపాయి చిల్లర ఎక్కడ్నుంచి తెచ్చేది? కొందరు యూపీఐలో పైసలతో సహా కొట్టేవాళ్లు, కొందరు నాతో పోట్లాడేవాళ్లు, పిల్లలకైతే చిల్లర బదులు చాక్లెట్ బిళ్ల చేతిలో పెట్టేవాణ్ణి. ఊబకాయం గురించి మాట్లాడుకుంటూ ఈ మాట రాయాలంటే నవ్వొస్తోంది. తర్వాత కంపెనీలు మళ్లీ ఐదుకే వచ్చి లోపల గ్రాములు పెంచాయి. అంటే పన్ను తగ్గిస్తే పిల్లాడికి మిగిలింది డబ్బు కాదు, ఇంకో నాలుగు చిప్సు ముక్కలు. ఈ లెక్కన రేపు చిప్సు లాంటి ప్యాకెట్ల మీద పన్ను పెంచితే ధర పెరగదు, ప్యాకెట్ బక్కచిక్కుతుంది. జనం "గాలి ప్యాకెట్" అని తిట్టుకుంటారు. తిట్టుకోనివ్వండి. ఐదు రూపాయలకి తక్కువ చిప్సు తినడం, ఆరోగ్యం వైపు నుంచి చూస్తే, మనకి కావలసిందే కదా.

చిప్సు మీద పన్ను ఎలా వెయ్యాలన్నది మాత్రం పానీయాలంత తేలిక కాదు. డ్రింకులో చక్కెర ఒక్కటే చూస్తే చాలు. తిండిలో నూనె, ఉప్పు, చక్కెర మూడూ ఉంటాయి, ఏది జంకు, ఏది కాదు అని గీత గీయడం కష్టం. డెన్మార్క్ 2011 అక్టోబరులో సంతృప్త కొవ్వు మీద పన్ను వేసింది. వెన్న, చీజ్ కోసం జనం సరిహద్దు దాటి జర్మనీ వెళ్లి కొనుక్కున్నారు, 2013 జనవరికల్లా ఎత్తేశారు. కేరళ 2016లో బర్గర్లు, పిజ్జాల మీద 14.5 శాతం "ఫ్యాట్ ట్యాక్స్" వేసింది, అదీ బ్రాండెడ్ రెస్టారెంట్లలోనే. పక్కన నూనెలో తేలే పరోటాకి లేదు. మరుసటి ఏడాది జీఎస్టీలో అది కలిసిపోయింది. మా వీధి మలుపులో పునుగుల బండికి పన్ను వెయ్యగలమా? వేసినా వసూలు చేసేదెవరు? అందుకే పానీయాలతో మొదలుపెట్టడమే తెలివైన పని అంటాను.

ఇక అసలు ఊబకాయం తగ్గుతుందా అంటే, ఇక్కడ ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు. బ్రిటన్‌లో పన్ను వచ్చాక 10, 11 ఏళ్ల ఆడపిల్లల్లో ఊబకాయం, ఆ పన్నే లేకపోతే ఉండేదానికన్నా 8 శాతం తక్కువగా ఉందని 2023లో ఒక అధ్యయనం వచ్చింది. మగపిల్లల్లో, చిన్న క్లాసుల వాళ్లలో మార్పు కనబడలేదు. పన్ను చేసేది అంతే, అదీ పిల్లల దగ్గరే ఎక్కువ.

మన పెద్దవాళ్ల బరువు కథ వేరు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో అధిక బరువు, ఊబకాయం కలిపి దేశం మొత్తం మీద 24 శాతం. తెలంగాణలో 30, ఆంధ్రప్రదేశ్‌లో 36. నా దగ్గర నెల సరుకులు కట్టించుకునే ఆడవాళ్లు కూల్ డ్రింకులు కొనేది చుట్టాలొస్తేనే. వాళ్ల చీటీలో నాకు కనబడేది బియ్యం బస్తా, నూనె ప్యాకెట్లు, చక్కెర. నలుగురున్న ఇంటికి నెలకి ఐదారు లీటర్ల నూనె కట్టడం మామూలే. ఉమ్మడి రాష్ట్రంలో రేషన్ షాపులో పామాయిల్ ప్యాకెట్లు ఇచ్చిన రోజులు మీకూ గుర్తుండే ఉంటాయి. 2025 మే చివర్లో ముడి వంట నూనెల దిగుమతి సుంకాన్ని కేంద్రం 20 నుంచి 10 శాతానికి తగ్గించింది. ధరలు మండుతుంటే తగ్గించక తప్పదు, తప్పుపట్టను. కానీ అన్నం, నూనె, కూర్చొని చేసే పని వల్ల వచ్చిన బరువుని కోలా పన్ను దించుతుందనుకుంటే నిరాశే మిగులుతుంది.

పేదవాడి మీద భారం కాదా అని కింద కామెంట్లో ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. బియ్యం మీదా పప్పు మీదా వేస్తే భారం. దీన్ని మానేస్తే పోయేదేమీ లేదు. పైగా షుగర్ వస్తే ఆ మందుల ఖర్చు ముందు ఈ రెండు రూపాయలు ఎంత? నీళ్ల సీసా మీద పన్ను 18 నుంచి 5కి తగ్గించారు, అది మంచి పని. అలాగే చక్కెర లేనివాటికీ తగ్గించాలి, మామిడి బొమ్మ ఉన్నవాటికీ లేనివాటికీ గ్రాముల లెక్కన ఒకే కొలత పెట్టాలి, కంపెనీలకి రెండేళ్లు టైమివ్వాలి.

చిన్న వ్యాపారులు దెబ్బతింటారని కంపెనీలు మా పేరు చెప్పుకొని అడ్డుపడతాయని కూడా తెలుసు. మా సంగతి మేం చూసుకుంటాం. నా మార్జిన్ సీసాకింత అని వస్తుంది, అందులో చక్కెర పది గ్రాములుందా ఐదుందా అని కాదు. వాళ్లు ఏది పంపితే అదే ఫ్రిజ్‌లో పెడతాను, పిల్లాడు మాత్రం చల్లగా ఉందా లేదా అనే అడుగుతాడు.