దాచిపెట్టి వేసుకునే మందు కాదు ఇది

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నాలుగు మందులు మార్చినా డిప్రెషన్ లొంగలేదనీ, మీ సైకియాట్రిస్టు ఇప్పుడు పార్నేట్ పేరెత్తారనీ, దాని గురించి చదివి నీవు హడలిపోయావనీ మీ అమ్మ ఫోనులో చెప్పింది. అదే తరగతికి, అంటే ఎంఏఓఐ అనే పాతతరం డిప్రెషన్ మందులకు చెందిన నార్డిల్‌ను నేను ఇక్కడ న్యూజెర్సీలో పదకొండేళ్లుగా వాడుతున్నాను. మొదటి రెండేళ్లు ఈ సంగతి మీ అత్తయ్యకు తప్ప ఎవరికీ చెప్పలేదు, ఆ దాపరికానికి మూల్యం కూడా చెల్లించాను.

ఒక బంధువుల ఇంట్లో ఆప్యాయంగా వడ్డించిన వంకాయ ఎండురొయ్యల కూరను కాదనలేక తిన్నాను. గంట తిరగకముందే తల వెనుక భాగాన ఎవరో సమ్మెటతో మోదుతున్నట్టు నొప్పి, గుండెదడ, చొక్కా తడిసిపోయేంత చెమట. ఎమర్జెన్సీలో చూసేసరికి బీపీ 210 దాటింది. అలాంటి ఆహారంలో ఉండే, బీపీని పెంచే టైరమిన్ అనే పదార్థాన్ని మామూలుగా పేగులలో, కాలేయంలో ఉండే ఒక ఎంజైము విరిచేస్తుంది. మన మందు పట్టి ఆపేది సరిగ్గా ఆ ఎంజైమునే. మాగబెట్టిన చీజ్, సలామీ, సోయా సాస్, ట్యాప్ బీరు, ఎండుచేపలు, ఫ్రిజ్‌లో రోజుల తరబడి నిలవున్న మాంసం పూర్తిగా మానుకోవాలి. తాజా పెరుగు, పనీరు నేను తింటాను. బాగా పులిసిన పిండిని మాత్రం ముట్టను. ఈ చీజ్ వ్యవహారాన్ని 1963లో బ్లాక్‌వెల్ అనే వైద్యుడు బయటపెట్టాడు. అతనికి ఆ ఆచూకీ అందించింది, చీజ్ తిన్నప్పుడల్లా భార్యకు తలనొప్పి రావడం గమనించిన ఒక ఫార్మసిస్టు ఉత్తరం.

తిండి కన్నా నాకు ఎక్కువ భయం ఇతర మందులంటే. డెక్స్‌ట్రోమెథార్ఫన్ ఉన్న దగ్గుమందు, ముక్కు దిబ్బడకు వాడే సూడోఎఫెడ్రిన్, నొప్పికి ఇచ్చే ట్రమడాల్, పెథిడిన్ ప్రాణాల మీదికి తేగలవు. నీవు ఊరికి వెళ్లినప్పుడు మెడికల్ షాపులో దగ్గని చెప్పగానే చేతిలో పెట్టే సీసాను, వెనుక చిన్న అక్షరాలు చదవకుండా మూత తీయవద్దు. పళ్ల డాక్టరుకు సైతం ముందే చెప్పాలి. నా పర్సులో మందు పేరు రాసిన కార్డు ఉంటుంది. స్పృహ లేని మనిషి నోరు విప్పి చెప్పలేడు కదా!

ఇక అసలు కష్టం మందు మొదలుపెట్టక ముందే ఉంటుంది. పాత మందు ఒంట్లోంచి పోవడానికి సాధారణంగా రెండు వారాలు ఆగాలి, ప్రొజాక్ అయితే అయిదు వారాలు. మెదడులోని సెరటోనిన్ అనే రసాయనం మితిమీరి ప్రమాదం జరగకుండా ఈ విరామం తప్పనిసరి కాబట్టి, తొందరపడి ఒక్క రోజు కూడా తగ్గించుకోవద్దు. అయితే ఏ ఆసరా లేని ఆ రోజుల్లోనే మనసు అడుగంటుతుంది. నా విషయంలో మీ అత్తయ్య సెలవు పెట్టి పక్కనే కూర్చుంది. నీవు ఒంటరిగా ఉండకుండా మీ అమ్మను రప్పించుకో. చావు ఆలోచన వస్తే అర్ధరాత్రయినా నాకో, ఇక్కడి ఆత్మహత్యా నివారణ హెల్ప్‌లైన్ 988కో ఫోన్ చెయ్యి.

మందు మొదలయ్యాక గుణం కనిపించడానికి కొన్ని వారాలు పడుతుంది. మంచం మీంచి చటాచటా లేవకు, కళ్లు తిరుగుతాయి. నేను స్నానాల గదిలో ఒకసారి పడ్డాను. నిద్ర చెడుతుంది. బీపీ మిషను కొనుక్కొని రోజూ అంకెలు రాసి పెట్టుకో. ఎప్పుడైనా మానాలనుకుంటే డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి, ఎంజైము తిరిగి తయారవడానికి సమయం కావాలి కనుక పూర్తిగా మానిన తరువాత మరో రెండు వారాలు పథ్యం సాగించాలి.

ఏడో వారంలో అనుకుంటాను, ఉదయాన్నే నాకై నేనే లేచి కాఫీ పెట్టుకున్నాను. డికాషన్ వాసన తెలిసింది. మీ అత్తయ్య గుమ్మంలో నిలబడి ఏమీ మాట్లాడలేదు.

అపాయింట్‌మెంటు ఎప్పుడో రాయి. వీలు చూసుకొని నీతో వస్తాను.

మీ మామయ్య