సింథటిక్ లేన్ల నుంచి చెక్క లేన్లకు వస్తే బౌలింగ్‌లో ఏం మార్చుకోవాలి?

బంతిని దొర్లించి పది పిన్నుల్ని పడగొట్టే ఈ ఆటలో, డాలస్‌లో సింథటిక్ లేన్ల (చెక్కకు బదులు కృత్రిమ పలకలు పరిచిన బాటల) మీద గేముకు 175 సగటు ఉండేదనీ, విస్కాన్సిన్‌లో పాత చెక్క లేన్ల సెంటర్‌లో లీగ్ మొదలుపెట్టాక 150 దాటడం లేదనీ, బాల్ సగం దూరంలోనే పక్కకు తిరిగిపోతోంది కాబట్టి రిలీజ్ (బాల్‌ను చేతిలోంచి వదిలే తీరు) మార్చుకోవాలా అనీ అడిగారు. వద్దు. చేతి జోలికి అసలు పోకండి. మార్చాల్సింది బాల్ పైపొర, నిలబడే చోటు, చివరగా కాస్త వేగం. అదీ ఈ వరసలోనే.

ముందు మీ లేన్ నిజంగా చెక్కదేనా చూసుకోండి. ఫౌల్ లైన్ (బాల్ వేసేటప్పుడు దాటకూడని గీత) నుంచి మొదటి పిన్ను దాకా 60 అడుగులు. అందులో మొదటి 15 అడుగులు, అంటే హెడ్స్, మేపుల్ కలప. తర్వాత పైన్. పిన్నులు నిలబడే చోట మళ్లీ మేపుల్. బాల్ వచ్చి పడే చోట, పిన్నులు ఎగిరిపడే చోట గట్టి కలప కావాలి, మధ్యలో అంత అవసరం లేదు. బాణాల గుర్తుల దగ్గర ఈ రెండు కలపలు ఒకదాంట్లోకి ఒకటి దూరి కలిసే అతుకు కంటికి స్పష్టంగా కనిపిస్తుంది. అది కనిపించకుండా ముందు భాగమంతా ఒకే రంగులో నునుపుగా ఉంటే, హెడ్స్ మీద సింథటిక్ పలకలు పరిచి వెనక పైన్‌ను అలాగే వదిలేశారన్నమాట. ఖర్చు తగ్గించుకోవడానికి చాలా పాత సెంటర్లు ఈ పనే చేశాయి. అలాంటి చోట కింద చెప్పేదాంట్లో సగం మీకు వర్తించదు.

పూర్తి చెక్క అయితే గొడవంతా ఆ మొదటి 15 అడుగుల్లోనే. సింథటిక్ పలక గట్టిగా ఉంటుంది, లేన్ మీద పూసిన నూనె కాస్త పలచబడ్డా బాల్ జారుకుంటూ వెళ్లిపోతుంది. చెక్క మీది కోటింగ్ మెత్తన. బాల్ దాన్ని త్వరగా పట్టుకుంటుంది. పైగా ఇప్పటి రియాక్టివ్ (ప్రత్యేకమైన రెజిన్ పైపొర ఉన్న) బాల్స్ నూనెను పీల్చేసుకుంటాయి. ఇవి వచ్చిందే 1990ల మొదట్లో. మీ లేన్లు వేసిననాడు జనం ఆడింది రబ్బరు బాల్స్‌తోనో, ప్లాస్టిక్ బాల్స్‌తోనో. అందుకే నలుగురు కుడిచేతివాళ్లు ఒకే చోట ఆడితే మొదటి గేమ్ అయ్యేసరికే హెడ్స్ మీది నూనె పోయి ఎండిపోతాయి.

రెండో గేమ్ మధ్యలో ఏం జరుగుతుందో గమనించండి. అదే చోట నిలబడ్డారు, అదే బాణం మీదుగా వేశారు, బాల్ పాకెట్‌లోకే (1, 3 పిన్నుల మధ్య సందులోకే) వెళ్లింది. అయినా కుడివైపు వెనక మూలనున్న 10వ పిన్ను నిలబడిపోయింది. అప్పుడు 10ని చూడకండి, దానికి కాస్త ముందు ఎడమగా ఉండే 6వ పిన్ను ఎలా పడిందో చూడండి. 6 గట్టిగా ఎగిరి 10 మెడ చుట్టూ తిరిగి వెళ్తే అది దురదృష్టం, ఏమీ మార్చొద్దు. 6 నీరసంగా పక్కకు ఒరిగి గట్టర్‌లో (లేన్ పక్క కాలువలో) పడుకుంటే బాల్ శక్తి అప్పటికే అయిపోయిందని అర్థం. హెడ్స్‌లోనే హుక్ (పక్కకు తిరిగే వంపు) మొదలై, పిన్నుల దాకా వచ్చేసరికి తిరగడం మానేసి ఊరికే దొర్లుతోంది. చూసేవాళ్లకు బాగా తిరిగిన బాల్‌లాగే ఉంటుంది, పిన్నులు మాత్రం పడవు. చాలామంది దీన్ని చూసి ఇంకా బలమైన బాల్ కొంటారు. అది పూర్తిగా ఎదురు మందు. 1000 గ్రిట్ గరుకుతో (గ్రిట్ అంకె పెరిగితే నునుపు పెరుగుతుంది) ఉన్న ఖరీదైన అసిమెట్రిక్ బాల్‌ను, అంటే లోపలి దిమ్మ సమంగా లేక ఎక్కువగా తిరిగేదాన్ని, చెక్క లేన్ల లీగ్ ఆటగాడికి అంటగట్టే దుకాణాలంటే నాకు ఒళ్లు మండుతుంది.

మీకు కావాల్సింది సిమెట్రిక్ కోర్ (సమంగా ఉన్న లోపలి దిమ్మ) ఉన్న పెర్ల్ (పైపొరలో మెరుపు పొడి కలిసిన) బాల్, 2000 గ్రిట్ ప్యాడ్ పట్టించి పైన పాలిష్ చేసినది. పాలిష్ ఆట మొదలవకముందే చేయించుకోండి. లీగ్ ఆట నడుస్తుండగా ప్యాడ్ పెట్టకూడదు, ద్రవ క్లీనర్ల మీదా ఆంక్షలున్నాయి, పొడి టవల్ వాడండి. వేసిన ప్రతిసారీ బాల్ మీది నూనె గీతల్ని తుడవండి.

ఇక నిలబడే చోటు. అడ్డంగా 39 బోర్డులు (సన్నని చెక్క పట్టీలు), ఐదేసి బోర్డులకో బాణం. ఏళ్ల తరబడి అందరూ కుడివైపు రెండో బాణం మీదుగా, అంటే 10వ బోర్డు చుట్టుపక్కల వేస్తారు కాబట్టి అక్కడ కలప అరిగి, మట్టిరోడ్డు మీద బండి చక్రాల జాడలా సన్నని పల్లం పడుతుంది. మళ్లీ చిత్రిక పట్టేదాకా అది ఉంటుంది. నిబంధన ప్రకారం ఎత్తుపల్లాల తేడా అంగుళంలో వెయ్యింట నలభై వంతులు మించకూడదు, కానీ అంత తేడా చాలు బాల్ దారి మళ్లడానికి. మొదటి గేమ్‌లో ఆ పల్లాన్ని వాడుకోండి: 10 మీదుగా నేరుగా, గట్టిగా. సింథటిక్ మీద అలవాటైనట్టు లోపలి నుంచి బయటికి పెద్ద వంపు తిప్పొద్దు. బాల్ పల్లం అంచు దాటేటప్పుడు ఒకసారి అందులోనే ఉండిపోతుంది, మరోసారి ఎక్కేస్తుంది, ఏ రెండు షాట్లూ ఒకలా రావు.

బాల్ ముందే తిరగడం మొదలెట్టగానే పాదాలు రెండు బోర్డులు ఎడమకు, చూపు ఒక బోర్డు ఎడమకు. 6వ పిన్ను ఇంకా నీరసంగానే పడుతుంటే బాల్‌ను ఫౌల్ లైన్ అవతల మూడడుగుల దూరంలో దించండి. పైకెత్తి పడేయడం కాదు, బొటనవేలు వదిలాక చెయ్యి ముందుకు సాగాలి. అప్పటికీ ఆగకపోతేనే వేగం గంటకు అర మైలు పెంచండి. అదీ చేతి బలంతో కాదు, బాల్‌ను మొదట్లో కాస్త ఎత్తుగా పట్టుకుని.

లీగ్‌లో జంట లేన్ల మీద ఫ్రేముకొకటి మారుస్తూ ఆడతారు కదా, రెండిటికీ వేర్వేరు లెక్క పెట్టుకోండి. చెక్కలో ఇది తప్పనిసరి. పక్కపక్క లేన్లయినా చిత్రిక ఒకేలా పడదు. శీతాకాలం హీటర్లకు కలప ఎండుతుంది, వేసవి తేమకు ఉబ్బుతుంది. ఎడమ లేన్‌లో 22వ బోర్డు మీద నిలబడితే కుడి లేన్‌లో 25వది అవసరం పడొచ్చు. స్కోరు తెర మూలన రాసుకునే వీలు లేకపోతే ఫోన్‌లోనైనా రాసుకోండి.

10వ పిన్ను స్పేర్‌కు (మిగిలిన పిన్నును రెండో బాల్‌తో పడగొట్టడానికి) మాత్రం రియాక్టివ్ బాల్ ముట్టుకోవద్దు. ఎండిన హెడ్స్ మీద అది పిన్ను ముందు నుంచి ఎడమకు జారుకుంటుంది. ప్లాస్టిక్ బాల్, ఎడమ అంచు నుంచి ఏటవాలుగా, మణికట్టు తిప్పకుండా.

నడిచే అప్రోచ్ కూడా చెక్కే కాబట్టి వార్మప్‌లో బాల్ లేకుండా రెండుసార్లు జారి చూడండి. అంటుకుంటే షూ అడుగున ఎక్కువ అంకె ఉన్న సోల్ వేసుకోండి, దాంతో ఎక్కువ జారుతుంది. మంచు తడితో వచ్చే చోట షూ కవర్ తప్పకుండా ఉండాలి. అప్రోచ్ మీద పౌడర్ చల్లేవాళ్లు కనిపిస్తే సిబ్బందికి చెప్పండి. అది నిషిద్ధం, తర్వాత వచ్చేవాడి మోకాలు పోతుంది.

లేన్లకు మళ్లీ కోటింగ్ ఎప్పుడు వేశారో మెకానిక్‌ను అడగండి. సాధారణంగా లీగ్ సీజన్‌కు ముందు వేసవిలో వేస్తారు. కొత్త కోటింగ్ జారుడుగా ఉంటుంది కాబట్టి సెప్టెంబర్ మొదటి వారాల్లో మీ డాలస్ బాల్ బాగానే పనిచేస్తుంది. పాలిష్ బాల్‌ను అక్టోబర్ నుంచి వాడటం మొదలుపెట్టండి.