పింగాణీ స్వరూపానికి కొత్త రంగు వేయించవచ్చా?

ప్రశ్న: మా నాయనమ్మ ప్రార్థన చేసుకున్న జానెడు పింగాణీ స్వరూపం (విగ్రహం) ఇప్పుడు నా దగ్గర ఉంది. చేతిలో బాలయేసు, లిల్లీ పువ్వు ఉన్నందున ఇంట్లో అందరూ జోజప్పగారని, అంటే యేసు పెంపుడు తండ్రి యోసేపుగారని అంటారు. గడ్డం లేదు, నడినెత్తి గొరిగి ఉంది, గోధుమరంగు అంగీకి తాడు కట్టి ఉంది. మెరుపు లేదు. అడుగున ఇంగ్లీషులో జర్మనీ అనీ, 1842 అనీ అచ్చుపడి ఉంది. ఒక వేలు విరిగింది, రంగు వెలిసింది. కొత్త రంగు వేయిస్తే మంచి ధర వస్తుందని బరంపురం వ్యాపారి ఒకరు అంటున్నారు. వేయించమంటారా?
– ఒక పాఠకురాలు, పర్లాకిమిడి

జవాబు: దయచేసి వేయించకండి. ముందుగా, మీరు రాసిన గుర్తులను బట్టి ఆయన ఫ్రాన్సిస్కన్ అనే సన్యాస సభకు చెందిన పునీతులు, పాదువాపురి అంతోనివారు. బాలయేసు, లిల్లీ ఇద్దరి స్వరూపాల్లోనూ కనిపిస్తాయి కానీ, జోజప్పగారిని సాధారణంగా గడ్డంతో చూపుతారు. గొరిగిన నడినెత్తి, నడుము తాడు ఫ్రాన్సిస్కన్ మఠవాసివి. ఆ తాడుకు మూడు ముడులు ఉన్నాయేమో భూతద్దంతో చూడండి. అవి పేదరికం, బ్రహ్మచర్యం, విధేయత అనే మూడు వ్రతాలకు గుర్తులు.

1842 అన్నది సంవత్సరం అనుకోనక్కరలేదు. జర్మన్ కార్ఖానాలు అచ్చుల వరుస సంఖ్యలను ఇలాగే అడుగున వేసేవి. దిగుమతి సరుకుపై తయారైన దేశం పేరు ఉండాలని అమెరికా 1891 నుంచి నియమం పెట్టాక ఈ దేశనామాలు విరివిగా కనిపిస్తాయి కనుక, మీ స్వరూపం ఆ తరువాతిదై ఉండే అవకాశమే ఎక్కువ.

మెరుపు లేకపోవడం లోపం కాదు. గాజుపూత వేయకుండా కాల్చిన ఈ రకాన్ని బిస్కు అంటారు. పూత లేనందున ముఖంలోని సన్నని పనితనం మరుగుపడదు. నేటి ఎనామిల్ రంగు మాత్రం దానిని కప్పివేస్తుంది, అటుపైన అసలు రంగుకు హాని లేకుండా తొలగించడం చాలా కష్టం. సేకరించేవారు వెలిసిన అసలు రంగుకే విలువ ఇస్తారు. ఆ వ్యాపారి మాట నమ్మవద్దు. నీళ్ళలో ముంచకండి, మెత్తని పొడి కుంచెతో దుమ్ము దులిపితే చాలు. విరిగిన వేలు ముక్క దొరికితే దూదిలో చుట్టి దాచండి. క్షణాల్లో అంటుకునే జిగురు వాడితే తరువాత సరిచేయడం నిపుణులకూ కష్టమవుతుంది.

అమ్మే ఆలోచన ఉంటే, ఆశీర్వదించిన స్వరూపం కనుక ముందు మీ విచారణ గురువులతో (స్థానిక చర్చి ఫాదరుతో) మాట్లాడండి. అది నూరేళ్ళు దాటినదని తేలితే, 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం విదేశాల కొనుగోలుదారుకు మీరు పంపకూడదు.